పదకొండో నంబరు తాత

పదకొండో నంబరు మంచం మీది తాత ఆ పొద్దున ముగ్గురు విద్యార్థుల చెవిలో ఒకే మాట చెప్పాడు.

"ఉబ్బసం."

డాక్టరు చదువు చివరి పరీక్షలో ఎదుట కూర్చున్న రోగిని చూసి జబ్బేమిటో తేల్చాలి. తాతను అడిగితే ఆ శ్రమ ఉండదని సీనియర్లు జూనియర్లకు చెప్పుకుంటూ వస్తున్నారు. ఏటా పరీక్షల వేళకు ఆ మంచం మీద ఉండేది ఆయనే. ఆస్పత్రికి పాత కాపు, విద్యార్థులకు కొంగుబంగారం.

ఆ ముగ్గురి తర్వాత వంతు ఒక అమ్మాయిది. పాపం, ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే చదువు చాలించి ఇంటికి రమ్మని నాన్న తేల్చి చెప్పేశాడు. అమ్మ మాత్రం ఏమీ అనకుండా కొత్త తెల్లకోటు కుట్టి ఇచ్చింది.

వార్డులోకి వస్తూనే ఆ అమ్మాయి అడగాల్సింది మర్చిపోయింది. తాత వీపు వెనక దిండు లేదు. ఇనుప కమ్మీలకు ఆనుకుని, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నాడు.

"అలా కూర్చుంటే నడుం పట్టేయదా తాతా?"

కోటు విప్పి, ఉండ చుట్టి, ఆయన వీపు వెనక సర్దింది. తాత సుఖంగా వెనక్కి వాలాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"తాతా, వాళ్లకు చెప్పావట కదా. నాకూ చెప్పవా?"

తాత ఆమె వైపు కాసేపు చూసి కళ్లు మూసుకున్నాడు.

"ఊపిరి లెక్కపెట్టుకో తల్లీ. నిమిషం నిండా."

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. అందరి దగ్గరా తెరుచుకున్న నోరు తన దగ్గరే మూతపడాలా? వేరే దారి లేక గడియారం చూస్తూ లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది. మామూలుగా పదహారో, పద్దెనిమిదో ఉండాలి. పైగా ప్రతి ఊపిరీ పొట్ట అడుగు నుంచి తోడినట్టు లోతుగా వస్తోంది. ఉబ్బసమేమో అనుకుంది. అయితే పిల్లికూతలు వినపడాలి. స్టెతస్కోపుతో వీపంతా వెతికింది. గాలి శుభ్రంగా వెళ్లి వస్తోంది.

అప్పుడు ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. తిండి చూస్తేనే వాంతికొస్తోందన్నాడు తాత. మూత్రం బాగా తగ్గిపోయిందన్నాడు. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడింది. అడిగినవాటిలో ఆయన ఒక్కటీ దాచలేదు.

పరీక్ష పెట్టే పెద్ద డాక్టరు వచ్చాడు. ముందు కోటు ఏదని కసిరాడు. ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో ఏ జబ్బు కనిపెట్టావని అడిగాడు.

"ఊపిరితిత్తులకు జబ్బు లేదు సార్. అవి మూత్రపిండాల పని కూడా చేస్తున్నాయి."

"అంటే?"

"ఒంట్లో రోజూ పుట్టే ఆమ్లాన్ని మూత్రపిండాలు బయటికి పంపాలి. ఈయనవి పంపలేకపోతున్నాయి. రక్తంలో ఆమ్లం పెరిగిపోతోంది. అందుకని ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును వీలైనంత ఊదేసి సర్దుతున్నాయి. తోడికోడలు మంచాన పడితే ఆవిడ పనీ మీదేసుకున్నట్టు సార్. బయటికి పోవాల్సినవి ఒంట్లోనే నిలిచిపోయి కడుపులో కూడా తిప్పుతోంది."

పెద్ద డాక్టరు ఎందుకో తాత వైపు చూశాడు. తాత తల ఊపాడు. ఆయాసానికి ఊగుతోంది కాబోలు అనుకుందామె.

పరీక్ష అవగానే, తాత మీది కోపంలో కోటు మాట కూడా మరిచి, వెళ్తున్నానని ఒక్క ముక్కైనా చెప్పకుండా బయటికి నడిచింది.

నెల తర్వాత ఫలితాలొచ్చాయి. ఆమె పాసయింది. మిగతా ముగ్గురూ తప్పారు.

మెత్తటి దిండొకటి కొనుక్కుని వార్డుకు పరుగెత్తింది. ముందు కాసేపు పోట్లాడాలి, తర్వాత దిండు ఇవ్వాలి. దారంతా అదే అనుకుంటూ వచ్చింది.

పదకొండో నంబరు మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. నర్సమ్మ బీరువాలోంచి మడత పెట్టిన తెల్లకోటు తీసి చేతికిచ్చింది.

"పోయి పది రోజులైందమ్మా. చివరిదాకా వీపు వెనక ఇదే ఉండాలన్నాడు. నువ్వొస్తావు, ఉతికించి ఉంచమన్నాడు."

ఆమె ఆ మంచం పక్కనే స్టూలు మీద కూలబడింది. దిండు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. రోగులను చూస్తూ వచ్చిన పెద్ద డాక్టరు అక్కడ ఆగాడు.

"నాకు చెప్పలేదని కోపమొచ్చింది సార్. వెళ్తున్నానని కూడా చెప్పలేదు."

"చెప్పుంటే నువ్వూ తప్పేదానివి. ఆ ముగ్గురికీ ఉబ్బసమన్నాడు. ముగ్గురూ పిల్లికూతలు విన్నామన్నారు."

"తాత అబద్ధం చెప్పాడా?"

"జబ్బు పేరు అడిగిన ప్రతివాళ్లకూ అబద్ధమే చెప్పేవాడు. గొడవ చేయాలంటే ముందు అడిగామని ఒప్పుకోవాలి కదా, అందుకే ఇన్నేళ్లూ ఎవరూ నోరు మెదపలేదు. కోటు విప్పి ఇచ్చిన పిల్లకు మాత్రం అబద్ధం చెప్ప బుద్ధి కాలేదట."

పెద్ద డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఖాళీ మంచం మీద ముడత లేని దుప్పటిని ఊరికే మళ్లీ సర్దాడు.

"ఇరవై ఆరేళ్ల కిందట నా పరీక్షకూ ఇదే మంచం, ఈ తాతే. న్యుమోనియాతో పడుకుని ఉబ్బసమన్నాడు. నేనూ విన్నాను, లేని పిల్లికూతలు."

ఆమె కన్నీళ్లలోనే నవ్వింది.

"మార్కుల కాగితం మీద సంతకం నాదేనమ్మా," అన్నాడాయన, "పాసో తప్పో తల ఊపి చెప్పింది మాత్రం తాతే."