మూఢం పోయేదాకా

ఫోన్ మోగింది. తేజస్విని చెయ్యి చాపింది. కొండప్ప ఆ చేతిని మెల్లగా పక్కకు నెట్టి, రిసీవర్ తనే ఎత్తాడు.

"నమస్కారం సార్. ఆఁ, నేనే, పాప నాయన్ని. లేదు సార్, పాప ఊళ్లో లేదు. తంబళ్లపల్లెలో వాళ్ల పిన్నమ్మ ఇంటికి పోయుండాది."

పక్కనే స్టూలు మీద ఉన్న పాప, లేని పిన్నమ్మను తలచుకుని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"ఇష్టం లేక కాదు సార్. ఇప్పుడు మూఢం నడస్తాండాది. మూఢంలో కొత్త పనికి పంపేదానికి మా ఇంట్లో ఆడోళ్లు ఒప్పుకోరు. అట్లే సార్. ఉంటాను సార్."

భార్య పోయినప్పటి నుంచి కొండప్ప ఇంట్లో ఆడవాళ్లంటే తేజస్విని ఒక్కతే. రిసీవర్ పెట్టేసి ఆయన అరచేతిని పంచెకు తుడుచుకున్నాడు. దానికి తడేమీ లేదు.

"ఏమన్నారు నాయనా?"

"ఆగతామన్నారు."

"పాపం, ఎంత మంచోళ్లు."

కొండప్ప మీటరు బిల్లుల కట్ట సర్దడం మొదలుపెట్టాడు.

అది మదనపల్లె బస్టాండు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్. తొంభై ఏడులో ఆ వీధికంతా నోరూ చెవీ అదే. తేజస్విని ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ముగించి రెండు చోట్ల ఇంటర్వ్యూకు వెళ్లొచ్చింది. పుంగనూరులో కొత్తగా క్లినిక్ తెరిచిన డాక్టరు అక్కడికక్కడే "వచ్చి చేరమ్మా" అన్నాడు. అక్కడున్నది ఒక బల్ల, దాని మీద ఒక మైక్రోస్కోపు. కుప్పంలోనిది పెద్దాసుపత్రి. ల్యాబ్ నిండా తను పుస్తకాల్లో మాత్రమే చూసిన యంత్రాలు. అక్కడివాళ్లు "కబురు చేస్తాం" అన్నారు. ఆ ఒక్క మాట మీద పిల్ల తన ఆశలన్నీ కుప్పంలో కుప్పపోసింది. రెండు చోట్లా ఇచ్చొచ్చింది బూత్ నంబరే.

"కుప్పం సంగతి తేలేదాకా పుంగనూరోళ్లను ఎట్లన్నా ఆపు నాయనా. నాకు అబద్ధం నోరు తిరగదు," అంది ఇంటికి రాగానే.

"నన్నడిగితే పుంగనూరే మేలు. పొద్దున బస్సెక్కితే దీపాలు పెట్టే యాళకు ఇంట్లో ఉంటావు. కుప్పమంటే హాస్టలు."

"హాస్టలైతే ఏమి నాయనా. ఆడ నేర్చుకునేది ఈడ యాడుండాది?"

కొండప్ప ఫోన్ వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. "సరే పాపా. నీది రక్తం తీసే చెయ్యి. ఫోన్ తీసే చెయ్యి మాత్రం నాది. నువ్వు దాన్ని ముట్టొద్దు."

ఆ మాట మీదే నిలబడ్డాడు. ఫోన్ మళ్లీ వచ్చింది, మళ్లీ మూఢమే చెప్పాడు. ఆ తర్వాతి ఫోన్‌కు తంబళ్లపల్లె పిన్నమ్మకు జబ్బు కూడా చేసింది.

మామూలుగా కొండప్ప బూత్‌లో కాల్ కంటే కబుర్లెక్కువ. లైను కలవని కుర్రాళ్లను "లైనెయ్యడం రానోనికి లైనెట్లా దొరుకుతాదప్పా" అని ఏడిపించే మనిషి. అట్లాంటివాడు మూగబోయాడు. మదనపల్లెలోనే పుట్టి పెరిగినా, మదనపడటమంటే ఏమిటో ఆయనకు ఇప్పుడే తెలిసొచ్చింది.

మద్రాసులో టమాటా ధర కనుక్కోవడానికి రోజూ వచ్చే మండీ బైరప్ప ఊరుకోలేదు. "ఏం కొండప్పా, టమాటాలో కూడా మాటుండాది, నీ నోట్లో లేదే. ఎస్టీడీ బోర్డు పెట్టుకోని లోకల్ కూడా మాట్లాడవు."

"గొంతు బాలేదప్పా."

"గొంతు బాలేకుంటే కళ్లు యాల దించతాండావు?"

కొండప్ప చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. తప్పు లెక్కపెట్టాడు. బైరప్పే సరిచేశాడు.

ఆ సాయంత్రం తేజస్విని వేడిగా సంగటి వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"నా కోసరం ఇన్ని అబద్ధాలు ఆడతాండావు. నాకే సిగ్గుగా ఉండాది నాయనా. ఆ డాక్టరుకు నిజం సెప్పేద్దామా?"

సంగటి ముద్ద కొండప్ప గొంతులో సంకటమై కూర్చుంది. చెంబెడు నీళ్లు తాగితే గానీ దిగలేదు.

"వొద్దు పాపా. ఆ పాపం నాది. నీకు దాంట్లో పాలు లేదు."

మరోసారి ఫోన్ మోగింది. కొండప్ప నిలబడి మాట్లాడాడు.

"అర్థమైంది సార్. ఎన్నాళ్లని ఆగతారు, నిజమే సార్. పాపదేం తప్పు లేదు, అంతా నాదే. మీ ఇష్టం సార్."

రిసీవర్ పెట్టేసి దాని మీదే చెయ్యి ఉంచాడు.

"ఇంక ఆగరంటనా?" అంది తేజస్విని.

"ఆగరంట."

ఆమె రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. కుప్పం బస్సొకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"అయితే రేపు పొద్దున్నే పోయి పుంగనూరులో చేరిపోతాను. కుప్పమోళ్లు పిలిచేటట్టుంటే ఈపాటికి పిలిచేవాళ్లే కదా. నేనే పిచ్చిగా ఆశపడినా."

కొండప్ప రిసీవర్ మీది చెయ్యి తీశాడు.

"క్యారియరు నేనే కడతాను పాపా," అన్నాడు.

మర్నాడు దీపాలు పెట్టే వేళకు తేజస్విని తిరిగొచ్చింది. ఆయన ఆశపడినట్టే, ఆ వేళకే. బూత్‌లోకొచ్చి స్టూలు మీద కూర్చుంది. క్యారియరు ఒళ్లోనే పెట్టుకుంది.

"చేరినావా పాపా?"

"చేరినా."

"డాక్టరు కోప్పడినాడా?"

"లేదు. పోతానే నేనే దండం పెట్టి, మూఢమని అన్నిసార్లు తిప్పినందుకు ఏమీ అనుకోవద్దు సార్ అన్నా." ఆమె తండ్రి ముఖంలోకి చూసింది. గొంతు మాత్రం పెంచలేదు.

"ఆ క్లినిక్కుకు ఇంకా ఫోనే రాలేదంట, ఆయన మనకు ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదంట, మరి ఇన్నాళ్లూ నువ్వు మూఢం సెప్పింది కుప్పానికా, నాయనా?"