నలభై నాలుగు అంగుళాల దొంగతనం

తన ట్రక్కు టైర్లను తానే దొంగిలించాలని డెల్బర్ట్ నిశ్చయించుకున్నాడు. అందుకు ఆదివారం పొద్దునే మంచిది. ఊరంతా చర్చిలో ఉంటుంది. కడుపునొప్పి అని చెబితే పాస్టరుగారు కూడా ఏమీ అనుకోరు.

మామూలు టైర్లా అవి? నిలబెడితే మనిషి నడుము దాటే నలభై నాలుగు అంగుళాల బురద టైర్లు. అవి పట్టాలని బంగారంలాంటి ట్రక్కుకు మడ్‌గార్డులు కోయించాడు. తారురోడ్డు ఎక్కితే వాటి రొదకు మూడు వీధుల అవతల కుక్కలు లేచి మొరుగుతాయి. స్టీరింగు ఒకవైపు, ట్రక్కు మరొకవైపు. పెట్రోలు సంగతి అడక్కండి. పోనీ బురదలోనైనా ఉద్ధరించాయా అంటే, ఒక్క ఏడాదిలో రెండుసార్లు ఇరుసు విరిచాయి.

ఇవన్నీ డెల్బర్ట్ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది భార్య అవస్థ. లూఆన్‌కు ఎనిమిదో నెల. ఆమె ట్రక్కు ఎక్కాలంటే స్టూలు వెయ్యాలి, ఆ పైన అతను ఎత్తాలి. ఆసుపత్రేమో నలభై మైళ్ళ దూరం.

"నొప్పులొచ్చాక నిచ్చెన వేసి ఎక్కిస్తావా నన్ను?" అని అడిగిందామె ఓ రోజు.

తీసేస్తే పోలా అంటారేమో. అయితే మీకు బురదపందుల సంగతి తెలియదన్నమాట. అది వాళ్ళ జట్టు పేరు, వాళ్ళు పెట్టుకున్నదే. ప్రతి శనివారం అలబామా ఎర్రమట్టి గుంటల్లో ట్రక్కులు దింపడం, ఆనక ఎవడి టైర్లు పెద్దవో వాదులాడుకోవడం వాళ్ళ పని. "చిన్న టైర్లు కూరగాయలు తెచ్చుకునేవాళ్ళకిరా!" అని అందరికన్నా గట్టిగా అరిచేవాడు డెల్బర్టే. కిందటేడు చిన్న టైర్లకు దిగిపోయిన హార్లన్‌కు 'అమ్మమ్మ' అని పేరు పెట్టిందీ అతనే. ఆ పేరు ఈనాటికీ వదల్లేదు, చర్చిలో కూడా అలాగే పిలుస్తారు. అలాంటివాడు ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తీసేస్తాడు?

అందుకే ఆ ఆదివారం నాలుగు టైర్లూ పీకి, ట్రక్కును దిమ్మల మీద నిలబెట్టాడు. టైర్లను ట్రాక్టరు ట్రాలీలో వేసి, ఏటి పక్కన మూతపడ్డ కోళ్ళ షెడ్డులోకి తోసి వచ్చాడు. గేదెల్లాంటి ఆ టైర్లు దాచడానికి ఆ చుట్టుపక్కల ఇంకో చోటు లేదు మరి.

మధ్యాహ్నానికి ఊరి పోలీసు, డిప్యూటీ షెరీఫ్ వెండెల్ వచ్చాడు. బురదపందుల జట్టుకు పెద్ద కూడా ఆయనే. దిమ్మల మీదున్న ట్రక్కును చూసి, శవం ముందు నిలబడ్డట్టు టోపీ తీశాడు.

"వాడి చేతులు పడిపోనూ! దిగులు పడకురా తమ్ముడూ, పాతాళంలో దాక్కున్నా లాక్కొస్తా" అన్నాడు.

లూఆన్ తమ్ముడు రాయిస్ అయితే ఏకంగా అలిగాడు. "నీవాటికన్నా నావి రెండంగుళాలు పెద్దవి కదా బావా! మా ఇల్లు దారిలోనే ఉందిగా! నావి వదిలేసి నీవి ఎత్తుకుపోయాడంటే వాడికి కళ్ళు పోయాయా?"

డెల్బర్ట్ టోపీలో మొహం దాచుకున్నాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకున్నారంతా.

మర్నాడు గతిలేనట్టు నిట్టూరుస్తూ ట్రక్కుతో వచ్చిన పాత చిన్న టైర్లు బిగించాడు. లూఆన్ ఎవరి సాయమూ లేకుండా ఎక్కి కూర్చుంది. ఆ సాయంత్రం అతని కోసం పీచ్ పళ్ళతో తీపి కూడా చేసింది. హమ్మయ్య అనుకున్నాడు డెల్బర్ట్.

బుధవారం రాయిస్ టైర్లు పోయాయి.

డెల్బర్ట్‌కు అంతుపట్టలేదు. అసలు లేని దొంగ ఎక్కణ్ణుంచి వచ్చాడు? గురువారం ఇంకొకరివి పోయాయి. శుక్రవారం మరో ఇద్దరివి.

పెట్రోలు బంకు దగ్గర కాఫీలు తాగుతూ అందరూ ఒకే మాట అన్నారు. "ఇది అమ్మమ్మ పనే. పేరు పెట్టామని కక్ష తీర్చుకుంటున్నాడు."

అక్కడే ఉన్న హార్లన్ కప్పు కింద పెట్టేశాడు. "నాకెందుకురా మీ టైర్లు? విరక్తి పుట్టే కదా నావి వదిలించుకున్నాను!"

"అదంతా రేపు లాకప్పులో చెబుదువుగాని" అన్నాడు వెండెల్.

ఆ రాత్రి డెల్బర్ట్‌కు నిద్ర పట్టలేదు. ఏడాదిపాటు ఏడిపించింది చాలక ఆ అమాయకుణ్ణి జైలుకు కూడా పంపాలా? తెల్లవారగానే ట్రాక్టరు తీశాడు. టైర్లు తెచ్చి వెండెల్ ముందు పడేసి, ఉన్నది ఒప్పేసుకుంటాడు. జట్టు తనకేం పేరు పెడుతుందో ఏమో. పెడితే పెట్టనీ.

షెడ్డు గడియ మీద చెయ్యి వేశాడో లేదో, వెనకాల షెరీఫ్ జీపు వచ్చి ఆగింది. వెండెల్ దిగాడు.

"నేనే అన్నా!" డెల్బర్ట్ చేతులెత్తేశాడు. "హార్లన్ ఏ పాపం ఎరగడు. నావి నేనే దాచుకున్నా. లూఆన్ మీద ఒట్టు, మిగతావాళ్ళవి మాత్రం ముట్టుకోలేదు!"

వెండెల్ అతన్ని ఎగాదిగా చూశాడు. "తలుపు తియ్యి" అన్నాడు.

తీస్తే లోపల కాలు పెట్టే చోటు లేదు. డెల్బర్ట్ టైర్ల మీద రాయిస్‌వి, వాటి పక్కన మిగతా అందరివీ కప్పు దాకా పేర్చి ఉన్నాయి.

"ఎవరివి వాళ్ళే తెచ్చి పడేసుకున్నార్లే. హార్లన్ పేరు ఊరికే అన్నా, అనుమానం మనవైపు రాకుండా" అంటూ వెండెల్ జీపు వెనక ట్రాలీ మీది టార్పాలిన్ లాగేశాడు. "చూస్తావేం, ఓ చెయ్యి వెయ్యి తమ్ముడూ! ఈ కేసు మూసేలోపు నావి కూడా పోవాలి."