ఆరో సింఫనీ తీర్పు

ఆయన భార్య మొండిమనిషి. ఇరవై రెండేళ్ళు పట్టిన పట్టు విడవలేదు. విడవకుండానే పోయింది. ఆయన ఆ మొండితనాన్ని క్షమించలేదు.

"మొదలుపెట్టమంటారా బావగారూ?" పరదా వెనకనుంచి మరదలు అడిగింది.

"అడగడమెందుకు? పెట్టు."

ఆదివారం ఉదయం. లైబ్రరీ మేడమీది గదిలో నలుగురు కూర్చున్నారు. ఆయన, పళ్ళ డాక్టరు, రిటైరైన రైలు గార్డు, దర్జీ. ఏడాదికొకసారి వాళ్ళకు ఒకటే పని. రష్యా దేశపు స్వరకర్త ఒకాయన రాసిన ఆరో సింఫనీలో చివరి భాగం, వాద్యబృందాల్ని నడిపించే ఐదుగురు కండక్టర్ల ఐదు రికార్డింగులు, ఒక్కొక్కటి మూడు నిమిషాలు వినడం. పరదా వెనక రికార్డులు మార్చే మనిషి నంబరే చెబుతుంది, కండక్టరు పేరు చెప్పదు. విన్నవాళ్ళు నచ్చిన నంబరు చీటీమీద రాస్తారు. సంఘం పెట్టింది ఆయన కాబట్టి ఆయన చీటీయే తీర్పు. తీర్పయ్యాక పరదా వెనకనుంచి పేరు చదువుతారు.

ఇరవై రెండేళ్ళు ఆ పేరు చదివింది ఆయన భార్య. మూడు నెలల క్రితం పోయింది. ఇప్పుడు ఆ పని ఆవిడ చెల్లెలికి వచ్చింది.

"నాకో అనుమానం," అన్నాడు ఈ ఏడే కొత్తగా చేరిన దర్జీ. "ఈ కండక్టరనేవాడు టిక్కెట్లు కొట్టడు, పాడడు, వాయించడు. మరి చేసేదేమిటండీ?"

"నువ్వు చేసేదే. బట్ట ఎవరిదో, కొలత నీది."

ఐదుగురు కండక్టర్లలో ఆయన ఇంట్లో గొడవ ఇద్దరి గురించే. ఒకాయన చివరి భాగాన్ని పొడిగా, కంటతడి లేకుండా ముగిస్తాడు. భర్త దృష్టిలో అదే సరైనది. నలభై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి, ఒక్క అక్షరం ఎక్కువైనా ఒళ్ళు మండుతుంది. ఇంకొకాయన ఏడిపిస్తాడు. భార్యకు ఆ ఏడుపే ఇష్టం.

"మీవాడు ఎండుకట్టె," అనేదావిడ.

"మీవాడు ఏడుపుగొట్టు," అనేవాడాయన.

భోజనాల దగ్గరా అదే వాదన. దీపం తీసేముందూ అదే వాదన. ఇప్పుడు ఆ ఇంట్లో వాదించేవాళ్ళు లేరు. ఆయన రేడియో పెట్టుకుని తింటున్నాడు.

వాదన ఎలా ఉన్నా, ఇరవై రెండు తీర్పుల్లోనూ గెలిచింది ఎండుకట్టే. ఆ పేరు ఆవిడ నోటితోనే చదివేది. ఇంటికి నడిచే దారిలో తనలో తను నవ్వుకునేది. ఆ నవ్వు ఆయనకు గిట్టేది కాదు.

ఒకటి అయింది. రెండు అయింది. మూడోదానికి డాక్టరుకు కునుకు పట్టింది.

"నిద్రొచ్చిందంటే బాగున్నట్టే," అన్నాడు కళ్ళు నులుముకుంటూ.

"మీ దగ్గర పళ్ళు పీకించుకునేవాళ్ళకూ ఇదే చెప్తారా?" అన్నాడు గార్డు.

నాలుగోది మొదలైంది. పట్టుమని పది సెకన్లు కాలేదు, ఆయన చీటీమీద రాసి మడిచేశాడు.

"ఐదోది వినరా?" అన్నాడు డాక్టరు.

"అక్కర్లేదు."

గార్డు దర్జీ చెవిలో గొణిగాడు. "చూశావా? మంగలి షాపు రేడియోలో పది సెకన్లు వింటే చాలు, ఎవరి వాయింపో చెప్పేస్తాడు. అదీ చెవంటే."

ఐదోది కూడా అయ్యాక డాక్టరు ఆయన చీటీ విప్పాడు. "నాలుగు. ఎవరమ్మా?"

పరదా వెనక కవరు తిరగేసిన చప్పుడైంది.

"పేరు చదువు," అన్నాడాయన.

"ఇది... అక్కకు ఇష్టమైనాయన." అంది మరదలు. "మీరు ఏడుపుగొట్టు అంటారే, ఆయన."

గార్డు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మళ్ళీ చదువు."

"అదే బావగారూ. అక్క రికార్డే."

"మళ్ళీ."

"ఎన్నిసార్లు చదివినా అదే కదండీ," అన్నాడు దర్జీ.

ఆయన లేచి వెళ్ళి పరదా పక్కకు లాగాడు. రికార్డు ప్లేయరు, కుర్చీ, కుర్చీలో మరదలు. ఆ కుర్చీకేసే చూశాడు.

"రికార్డులు తారుమారయ్యాయా?" అడిగాడు డాక్టరు.

"లేదు. సరిగ్గానే ఉన్నాయి," అన్నాడాయన.

"ఇన్నేళ్ళూ తప్పని చెవి ఇవాళేమైందయ్యా?" అన్నాడు గార్డు.

"మనిషి పోయిన బెంగ చెవికీ పట్టుకుంటుంది," అన్నాడు డాక్టరు. "వచ్చే ఏడాది మళ్ళీ చూద్దాం లెండి."

"వచ్చే ఏడాది లేదు. సంఘం ఇవాళ్టితో సరి."

ముగ్గురూ ముఖాలు చూసుకుని మెట్లు దిగిపోయారు. మరదలు కుర్చీలోంచి లేచి వచ్చి నిలబడింది.

"తప్పు నాది బావగారూ. నలుగురిలో మిమ్మల్ని చిన్నబుచ్చాను."

"నీ తప్పేముంది? ఉన్నది చదివావు."

"అదే తప్పు. ఆస్పత్రిలో అక్క నాచేత ఒట్టు వేయించుకుంది. మీరు ఏ నంబరు రాసినా మీవాడి పేరే చదవమంది. తనూ అలాగే చదివేదట."

ఆయన ప్లేయరుమీది రికార్డు తీశాడు.

"మొదటి ఏడాదినుంచీ మీరు రాసింది అక్క రికార్డేనట. ఏటా అదేనట. ఇంట్లో పులిలా వాదించి, ఇక్కడికొచ్చి పోల్చుకోలేకపోతున్నాడు పిచ్చిమనిషి అని నవ్వేది. మీ మాట పోకూడదని పేరు మార్చేది. నాకే ఇవాళ అబద్ధానికి నోరు రాలేదు. అక్క ఒక్కసారైనా గెలవాలనిపించింది."

ఆయన ఐదు రికార్డులూ కవర్లలో పెట్టాడు. పరదా దించి మడిచాడు. కిటికీ మూశాడు.

"నామీద కోపమా బావగారూ?"

"కోపమే. నీమీద కాదు."

"మరి?"

"ఈ మాట నేనిక ఎత్తను. నువ్వూ ఎత్తకు. నేను చచ్చేదాకా ఎత్తకు."

తలుపుకు గొళ్ళెం పెట్టి, ఒక్కడే ఇంటిదారి పట్టాడు.

ఇరవై రెండేళ్ళూ, ఆవిణ్ణి గెలిపించాలనే ఆయన తెలిసే ఆ నంబరు రాశాడు.