గుర్రం కడుపులో తలుపు

మ్యూజియం ముందున్న కంచు గుర్రాన్నీ, దాని మీది రౌతునూ చేసింది మా ఆయనే. గుర్రం కడుపు కింద మనిషి పట్టేంత తలుపుంది. అతుకుల్లో చిల్లులున్నాయేమో చూడడానికి ఆయన లోపలికి దూరితే, నేను బయట బోల్టు బిగించేదాన్ని. చీకట్లో కూర్చుంటే వెలుగు ఎక్కడ చొరబడుతోందో తెలుస్తుంది. పనయ్యాక రెండుసార్లు తట్టేవారు. నేను తీసేదాన్ని.

ఆసుపత్రిలో ఆఖరి రాత్రి కూడా మంచం కమ్మీ మీద రెండుసార్లు తట్టారట. పక్క మంచం ఆవిడ చెప్పింది. అప్పుడు నేను నిద్రపోతున్నాను.

ఈ రాత్రి మ్యూజియం వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "అమ్మా, గుర్రానికి కడుపునొప్పేమో. లోపల్నుంచి రెండుసార్లు తట్టి ఆగుతోంది."

పాత పానా తీసుకుని వెళ్ళాను.

"ఈ వయసులో మీకెందుకమ్మా? పొద్దున చూద్దాం" అంటూనే నిచ్చెన వేశాడు.

"ఒకసారి ఆలస్యం చేశాను బాబూ. చాలు."

అతను టార్చి కోసం తన గదికి వెళ్ళాడు. నేను బోల్టు తీశాను. లోపల చెయ్యి పెడితే ఎవరూ తగల్లేదు. ఇంకాస్త లోపల ఉన్నారేమోనని దూరాను.

వెనక తలుపు మూసుకుంది. బోల్టు తిరుగుతోంది.

"వేళాకోళం వద్దు బాబూ" అన్నాను. అప్పుడే, ఎక్కడో దూరంగా వాచ్‌మన్ గది తలుపు కిర్రుమంది.

ఏ అతుకులోనూ వెలుగు లేదు. ఆయన పని అంత గట్టిది.

పానాతో రెండుసార్లు తట్టాను. ఆగి, మళ్ళీ తట్టాను.

రేకుకు అవతల, నా చెవి పక్కనే, గురక మొదలైంది. చివర సన్నటి ఈలతో, నలభై ఏళ్ళు నా పక్కన విన్న గురక.