జాడీ చెప్పిన సాక్ష్యం

పెద్దిరాజు వాయుసేన ఆఫీసులో గుమాస్తా. పేరుకే వాయుసేన, ఇంటికొస్తే వాయువుకే కరువు. ఘాజియాబాద్‌లో అతని అద్దె వాటా ఎదురుగా ఇనుము కరిగించే ఫౌండ్రీ ఉంది. దాని గొట్టానికి పొగ ఎంతో పొగరూ అంత.

పంతొమ్మిది వందల ఎనభై మూడు చలికాలంలో అతనికి గుండెనొప్పి వచ్చింది.

"సిగరెట్లు మానేయండి," అన్నాడు డాక్టరు.

"అలవాటే లేదండి."

"అయితే మీ వంతు ఆ ఫౌండ్రీ కాలుస్తోంది. ఈ పొగలో ఇంకో చలికాలమంటే మీ గుండెకు నాది పూచీ కాదు."

బదిలీ అడిగితే రాలేదు. ఇక పొగనే బదిలీ చేయిద్దామని గల్లీ అంతా తిరిగి సంతకాలు పెట్టించాడు. ఫౌండ్రీ యజమాని "సబ్ హవాయీ బాతేఁ" అని కొట్టిపారేశాడు. గాలి మీద ఫిర్యాదు గాలిమాటే కదా మరి.

చివరికి కాలుష్యం ఆఫీసు నుంచి దశరథ్ అనే ఉద్యోగి వచ్చి, పెద్దిరాజు వాటా పైన డాబా మీద వెడల్పు మూతి గాజు జాడీ పెట్టాడు. నెలలో అందులో రాలే మసే ఫౌండ్రీ మీద సాక్ష్యం. దాన్నెవరూ ముట్టకూడదని గల్లీలో ఇల్లిల్లూ తిరిగి హిందీలో చెప్పొచ్చాడు పెద్దిరాజు.

దశరథ్ వారం వారం వచ్చేవాడు. జాడీలోకి తొంగిచూసి, ఏదో రాసుకుని, టీ తాగి పోయేవాడు.

నెల తిరిగింది. గల్లీ జనం ముందుకు దశరథ్ జాడీతో దిగాడు.

"భాయీసాబ్, ఇందులో ఏమీ లేదు. మళ్లీ పరీక్షంటే వచ్చే ఏడాదే."

ఫౌండ్రీ యజమాని నవ్వాడు. "మా చిమ్నీ ఠీక్ హై. ఈయన గుండే ఖరాబ్."

సంతకాలు పెట్టినవాళ్లు కూడా నవ్వారు. పెద్దిరాజుకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సిగ్గంతా దశరథ్ మీద కక్కాడు.

"మసి పూసి మారేడుకాయ చేసేవాళ్లని చూశానయ్యా. మసి మాయం చేసి మారేడుకాయ చేసినవాణ్ణి నిన్నే చూస్తున్నా," అని తెలుగులో మొదలుపెట్టి, అర్థం కాదేమోనని హిందీలో ముగించాడు. "కిత్నా ఖాయా? ఎంత లంచం తిన్నావ్?"

దశరథ్ మొహం పాలిపోయింది. "జాడీలో ఉన్నదే రాశాను భాయీసాబ్. మా నాన్న కూడా ఫౌండ్రీ పొగకే పోయాడు."

సైకిలు ఎక్కలేదు. నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

పెద్దిరాజు రొమ్ము పట్టుకుని మెట్లెక్కాడు. భార్య హైమవతి నాలుక కింద మాత్ర పెట్టింది.

"పాపం, ఆ పెద్దమనిషినెందుకండీ నలుగురిలో అన్ని మాటలన్నారు?"

"నా గుండెను ఫౌండ్రీకి అమ్ముకున్నాడే. నెల్లాళ్లు బయటున్న జాడీలో రవ్వంత మసి లేదట, నమ్మమంటాడు."

"ఎందుకుంటుందండీ, పరాయి మనిషి వారం వారం వచ్చి మన ఇంటి మురికి చూసిపోతుంటే తల కొట్టేసినట్టయి, రోజూ అంట్లతోపాటు దాన్నీ నేనే తోమి పెడుతున్నాగా."