సగంలో ఆగిన వీడియో

ఫోను మోగినప్పుడు శ్రీసత్య మజ్జిగ చిలుకుతోంది. వెన్న చేతులతోనే పరుగెత్తింది.

సింగపూర్ రేవు నుంచి అనిరుధ్.

మెడలో పసుపుతాడు రంగు తగ్గకముందే మొగుడు ఓడెక్కి వెళ్లిపోయాడు. అందుకే అతని గొంతు వినబడితే చాలు, ఆమెకి ఆ రోజు పండగే.

ఇవాళ నిజంగానే పండగ. నడిసముద్రంలో జారిపడ్డ నావికుణ్ణి దూకి కాపాడినందుకు ఓడ కంపెనీ అతనికి మెడల్ ఇచ్చింది. ఆ సభలో అతను మాట్లాడిన వీడియో ఇంటర్నెట్‌లో పెట్టారట.

"అమ్మకి చూపించు. చివర్లో తనకోసం తెలుగులో ఒక సంగతి చెప్పాను. ఫోన్లో చెప్పే ధైర్యం నాకు లేదు, సత్యా."

ఓడ సాయంత్రం బయల్దేరుతుంది. మళ్లీ ఫోను ఎప్పుడో.

అత్తగారు గంగాభవాని విన్నవెంటనే పట్టుచీర తీసింది. కంప్యూటర్లో ఆయన మనకి కనిపిస్తారు గానీ మనం ఆయనకి కనిపించమండీ అని కోడలు చెప్పింది. అయినా సరే, మెడల్ తెచ్చిన కొడుకు ముందుకి నేత చీరతో వెళ్తానా అంది ఆవిడ.

ఇళ్లల్లో ఇంకా ఇంటర్నెట్ రాని రోజులు. స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్ నుంచి గాజువాకలో గవర్రాజు నెట్ సెంటర్‌కి ఆటోలో వెళ్లారు. దిగేలోగా గంగాభవాని మెడల్ సంగతి ఆటో అతనికి రెండుసార్లు చెప్పింది.

ఒకే కుర్చీలో అత్తాకోడళ్లు సర్దుకుని కూర్చున్నారు.

తెల్ల యూనిఫాంలో అనిరుధ్ వచ్చాడు. నోరు తెరిచాడు. అలాగే ఆగిపోయాడు.

తెర మధ్య చిన్న చక్రం తిరుగుతోంది.

కాలేజీలో కంప్యూటర్లు చదువుకున్న శ్రీసత్య కొంగు నడుముకి దోపింది. పేజీ మూసి మళ్లీ తెరిచింది. అక్కడే ఆగింది. కాసేపు నొక్కకుండా వదిలేస్తే కింది గీత నిండుతుందంది. నిండలేదు. పక్క సిస్టంకి మారితే బొమ్మ కదిలింది గానీ మాట రాలేదు. హెడ్‌ఫోన్ మారిస్తే మాట వచ్చింది, బొమ్మ నిలిచిపోయింది. వీడియో ఆడించే ప్రోగ్రాం తీసేసి కొత్తగా ఎక్కించింది. మళ్లీ చక్రమే.

"ఏం చెప్తాడో వినకుండా ఇంటికెళ్తే నాకు ముద్ద దిగదమ్మాయ్," అంది గంగాభవాని. ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

గవర్రాజు వచ్చి చూశాడు.

"లైను ఒకటేనమ్మా. అన్ని సిస్టంలకీ అదే పంచినాను. ఇంకెవులైనా వీడియో సూత్తంటే మీది ఆగిపోద్ది."

మెడల్ మాట చెప్పగానే మిగతా కుర్రాళ్లు మర్యాదగా ఆపేసి లేచారు. గుడ్డతెర వేసున్న మూల కేబిన్ ఒక్కటి మిగిలింది.

తెర కింద మోకాళ్ల దాకా మడిచిన లుంగీ, ముసలి పాదాలు కనిపిస్తున్నాయి.

"ఈ వయసులో తెర చాటున ఏం చూస్తున్నాడో మాకు తెలీదా?" గంగాభవాని వినబడేలాగే అంది.

శ్రీసత్య ఆవిడ చెయ్యి నొక్కింది. అప్పటికే తెర తొలగింది.

నెరిసిన జుట్టు, ఉప్పుగాలికి కమిలిన మొహం. ఆయన వీళ్ల సిస్టంలో నిలిచిపోయిన అనిరుధ్‌ని చూశాడు. తర్వాత గంగాభవానిని చూశాడు.

"మీ అబ్బాయా తల్లీ?"

"మా అబ్బాయే. మెడల్ వచ్చింది," అంది ఆవిడ తలెత్తి.

ఆయన ఏదో అనబోయి ఊరుకున్నాడు.

"మీరు సూడండమ్మా. నాను ఇంకోపాలి వత్తాను."

నవ్వుతూనే మెట్లు దిగిపోయాడు. సిగ్గుపడ్డాడులే అంది గంగాభవాని.

చక్రం మాయమైంది. అనిరుధ్ గలగలా మాట్లాడాడు. ఇంగ్లీషు అయిపోయి తెలుగు మొదలైంది.

"అమ్మా, ఈత ఎక్కడ నేర్చావురా అని అడిగేదానివి. క్లబ్బులో అని అబద్ధం చెప్పాను. కాలేజీ రోజుల్లో యారాడ బీచ్‌లో కెరటం నన్ను లాక్కుపోయింది. సింహాద్రి మావ అని ఒకాయన, వల లాగుతున్నవాడు, అది వదిలేసి దూకి నన్ను ఒడ్డుకి తెచ్చాడు. మా అమ్మకి తెలిస్తే తట్టుకోలేదు, ఎవరికీ చెప్పొద్దని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. ఈత ఆయనే నేర్పాడు. ఈ మెడల్ ఆయనదమ్మా."

గంగాభవాని కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మూల సిస్టం కట్టేయడానికి వెళ్లిన గవర్రాజు అక్కణ్ణించి మెల్లగా పిలిచాడు.

ఆ కంప్యూటర్ మీద కూడా తెల్ల యూనిఫాంలో అనిరుధే. ఇంగ్లీషు ముక్క దగ్గరే, నోరు తెరిచి ఆగి ఉన్నాడు.

"యారాడ నుంచొచ్చినాడమ్మా. పేరడిగితే సింహాద్రన్నాడు. మీ అబ్బాయి ఫోన్ సేసి సూడమన్నాడంట. పొద్దుట్నుంచీ ఇక్కడి దాకే వచ్చి ఆగిపోతంది. అయినా సూత్తానే ఉన్నాడు."

గంగాభవాని పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి రోడ్డు మీదికి పరుగెత్తింది. ఆయన ఎక్కిన యారాడ బస్సు అప్పటికే మలుపు తిరిగింది.

ఆవిడ ఆయాసపడుతూనే వెనక్కి వచ్చి, కళ్లు తుడుచుకుని, మెడల్ తనకే ఇచ్చినంత ఠీవిగా గవర్రాజు ముందు నిలబడింది.

"రేపు పొద్దున్న నీ సిస్టంలన్నీ ఆపి ఒక్కటే ఉంచు బాబూ. నేనూ మా కోడలూ యారాడ వెళ్లి ఆయన్ని తీసుకొస్తాం. నా కొడుకు నోట ఆయన పేరు ఆయన చెవిన పడాలి."