పోలిరాజు తెచ్చిన మేక

“మేకని తోలుకొచ్చావేంటి దాదా? ఇదేమన్నా సంతా?” పరిశోధనాలయం గేటు దగ్గర కాపలావాడు బెంగాలీలో అరుస్తూ కర్రతో నేలమీద ఒక్కటి కొట్టాడు.

ఆ చప్పుడుకి మేక నాలుగు కాళ్లూ కొయ్యబారి పక్కకి ఒరిగిపోయింది.

“సంపేసినావు గదరా దాన్ని!” అన్నాడు వాట్‌గంజ్ రేవు కూలీ పోలిరాజు.

తెలుగు మాట విని సమీర గబగబా మెట్లు దిగి వచ్చింది. మనుషుల జన్యుపటాల్ని జంతువుల పటాలతో పోల్చి జబ్బుల మూలం వెతకడం ఆమె పని. పోలిరాజు మనవరాలు అప్పలలక్ష్మి నెత్తురు ఏడాదిగా ఆమె దగ్గరే ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల. ఓడ కూత వినపడితే చాలు, కట్టెలా బిగుసుకుని పడిపోతుంది. పిల్ల పటంలో అనుమానించాల్సిన చోట్లు పదకొండు దొరికాయి. అసలు దోషి ఏదో తేలలేదు. తేలితేగాని డాక్టర్లు మందివ్వరు.

“ఏంటి తాతా ఇది?”

“సూడు తల్లీ! మా గుంటలాగే పడిపోతంది. నువ్వే ఏదోటి సెయ్యాల.”

అంతలో మేక ఏమీ ఎరగనట్టు లేచి నిలబడింది. పడిన పిల్ల కూడా అచ్చం ఇలాగే లేస్తుంది.

“తాతా, నువ్వు సామాన్యుడివి కాదు!” అంటూ అప్పటికప్పుడు మేక నెత్తురు తీయించింది.

“సూదేసినావు గదా, ఇంక బెంగనేదు” అని పోలిరాజు మేకని తోలుకుపోయాడు.

రెండు నెలలకి రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూస్తే దోషి దొరికింది. బిగిసిన కండరాన్ని సడలించే జన్యువది. పిల్లలో ఎక్కడ చెడిందో మేకలోనూ సరిగ్గా అక్కడే చెడింది. మందు కొత్తగా కనిపెట్టక్కర్లేదు, గుండె లయ తప్పితే ఇచ్చే పాత మాత్రే. డాక్టర్లు రాసిచ్చారు.

నెల తిరక్కుండా సమీర వాట్‌గంజ్ వెళ్లింది. రేవులో ఓడ గుండెలదిరేలా కూసింది. అప్పలలక్ష్మి ఆగలేదు. గంగ గట్టు వెంట పరుగెత్తుకొచ్చి సమీర నడుం చుట్టేసింది. వాడంతా ఈలలు, చప్పట్లు.

సమీర పోలిరాజు వైపు తిరిగింది. “ఇంత చదివినవాళ్లకి తట్టలేదు తాతా. పిల్ల జబ్బుని మేకలో వెతకాలని నీకెలా తోచింది?”

పోలిరాజు తెల్లబోయాడు.

“మేకలో ఎతకడమేటమ్మా? గుంటకి తగ్గాలని అమ్మోరికి మొక్కుకున్న మేకది. జబ్బు మేకనిత్తే అమ్మోరు ఒప్పదని నీకాడికి వైద్యానికి తోలుకొచ్చినాను. దాని మాత్రలెప్పుడిత్తావు?”